గరిసె పోయె, పందికొక్కు మిగిలె

మాటలకు కూడా ఆయుర్దాయం ఉంటుంది. ఇంగ్లీషు మాటలైనా అంతే. 'గార్స్' అనే ఇంగ్లీషు మాట ఈనాడు ఏ లెక్చరర్ గారి నోటా వినబడదు. కానీ యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో అది భద్రంగా ఉంది. అది ధాన్యం కొలత. మద్రాసులో 400 మర్కాల్ కొలపాత్రలు నిండితే ఒక గార్సు. కుంపిణీవారు ఉప్పును కూడా గార్సుల్లోనే లెక్కించేవారు. ఇంతకీ ఆ మాట పుట్టిల్లు ఏదయ్యా అంటే, మన తెలుగు 'గరిసె'!

ఇంగ్లీషు మీడియం పాఠాలకు తడబడే నాలాంటి రైతుబిడ్డకు ఇది చదివితే ఛాతీ ఉబ్బదా మరి! మా ఊళ్ళో గరిసె అంటే వెదురు దబ్బలతో అల్లి, పేడతో అలికిన వడ్ల గాదె. కుంపిణీ పోయింది, 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి, గార్సుకు పని తప్పింది.

తమాషా ఏమిటంటే, గరిసెకు కన్నం వేసే పందికొక్కు మాత్రం ఇంగ్లీషులో 'బాండికూట్' అయి హాయిగా బతికింది. మా జువాలజీలో దాని ప్రజాతి పేరే 'బాండికోటా'. ఆస్ట్రేలియాలో ఒక సంచిజంతువుకూ ఆ పేరే పెట్టారు. గింజలు దాచింది పోయె, తిన్నది మిగిలె!

నవ్వులాటకేం గాని, మా ఇంట్లోనూ గరిసె ఖాళీ. కోతమిషన్ వచ్చాక వడ్లు పొలం నుంచే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. తినే బియ్యం సంచుల్లో వస్తున్నాయి. "గరిసె లేని ఇల్లు గూడ ఇల్లేనా బిడ్డా?" అంటాడు తాత. మా చెల్లెలు "గరిసె అంటే ఏంది తాతా?" అంటుంది.

నేనుండే కొత్తపేటలో పండ్ల మార్కెట్టును 2021లో బాటసింగారానికి తరలించారు. అయినా ఆటోవాళ్ళు ఇంకా 'ఫ్రూట్ మార్కెట్' అనే కేకేస్తారు. వస్తువు పోయాక మాట కొన్నాళ్ళు అలా తిరుగుతుంది. అది కూడా ఆగిపోయేలోగా రాసిపెట్టుకోవాలి.

ఆ పని చేసినవారు మనకున్నారు. రైతుల నోటి మాటలు ఏరి కూర్చిన 'మాండలిక వృత్తి పదకోశం' వ్యవసాయ సంపుటాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించింది. దొర రాస్తేనే మాటకు విలువ వస్తుందా? మనం రాయకూడదా?

తాత చెప్పే మాటలు ప్రాక్టికల్ రికార్డు వెనక పేజీల్లో రాస్తున్నాను. ఇప్పటికి 63 అయ్యాయి. మిత్రులారా, మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళున్నారు. వచ్చే సెలవులకు ఊరెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి.