తాళ్ల మీద పనిచేసే తమ్ముళ్లకు

మా హుజూరాబాద్ చుట్టుపక్కల తాటిచెట్లెక్కే మోకు, ముత్తాదు తెలియని ఊరు లేదు. 2024 జులై 14న లష్కర్‌గూడలో గీత కార్మికుల కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టినప్పుడు మస్తు సంతోషపడ్డ. ఎప్పుడో జరగాల్సిన పని అది. ఇప్పుడు మన పిల్లలు హైదరాబాద్‌ల అద్దాల మేడల మీద, గల్ఫ్‌ల కూడా తాళ్లకు వేలాడి పనిచేస్తున్నరు. ఈ మాటలు వాళ్లకే.

తాడు మీద కిందికి దిగేటందుకు వాడే డిసెండర్ లోపల తాడును పట్టేది క్యామ్. మన బరువు పడంగనే అది తిరిగి తాడును నొక్కుతది. హ్యాండిల్ లాగితే పట్టు సడలుతది, వదిలితే ఆగుతది. అయినా దిగేటప్పుడు కింది తాడు మీదికెళ్లి చెయ్యి తియ్యొద్దు. ఎంత మందం తాడు వాడాలో దాని మీదనే రాసుంటది. అంతకన్న సన్నది ఎక్కిస్తే జారుతది.

నాకు అన్నిటికంటే భయం దుమ్ముతోని. గ్రానైట్ పొడి, సిమెంటు తాడుకు అంటితే ఆకురాయి లెక్క క్యామ్‌ను అరగదీస్తయి. తాడును గోరువెచ్చని నీళ్లతో కడిగి, నీడకు ఆరబెట్టాలె. ఇంకోటి, సర్రున దిగితే లోహం వేడెక్కి నైలాన్ తాడు పైపొర మాడుతది. నిదానంగా దిగండి.

పొద్దున ఎక్కేముందు నేల దగ్గరనే బరువు వేసి చూడండి. క్యామ్ మీద గాడి పడ్డా, హ్యాండిల్ తనంతట తాను వెనక్కి రాకున్నా పక్కన పెట్టండి. తెలిసినోళ్లతోని కనీసం ఏడాదికోసారి పరీక్ష చేయించండి. బ్యాకప్‌కు రెండో తాడు ఇయ్యకుంటే, సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా దిగనని చెప్పండి.