నాకందని బంతి

ఫుట్‌బాల్ పదకొండు మంది ఆట అంటారు. మా కాలేజీ జట్టులో అది ఎనిమిది మంది ఆటే. మిగతా ముగ్గురం మాదిగపేట కుర్రాళ్లం. లెక్కకి మైదానంలో ఉండేవాళ్లం. బంతి మాత్రం మాదాకా వచ్చేది కాదు.

మా అయ్య విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టేవాడు. జట్టులో ఎవడి బూటు నోరు తెరిచినా ఆయన ముందుకే వచ్చేది. ఆరె పట్టి, మైనం రాసిన దారం లాగి, మర్నాటి మేచ్‌కి సిద్ధం చేసేవాడు. బూటు కుట్టడానికి మా అయ్య చెయ్యి పనికొచ్చింది. బంతి అందుకోడానికి నా కాలు పనికిరాలేదు. ఆ బంతికీ ఒకప్పుడు ఒళ్లంతా తోలే గదా!

2009లో కాలేజీల మధ్య పోటీలో ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాం. కుడి అంచున నేను ఖాళీగా నిలబడి చేతులెత్తి అరుస్తూనే ఉన్నాను. మధ్యలో ముగ్గుర్ని ఒక్కడే దాటబోయి మా కెప్టెన్ బంతి పోగొట్టుకుంటూనే ఉన్నాడు. ఆట అయ్యాక "పేటోళ్లని ఆడిస్తే ఇంతే" అన్నాడొకడు. బంతి ముట్టనోళ్లం. ఓటమి మాత్రం మా వాటాకొచ్చింది.

ఇంటికెళితే మా అయ్య బూట్లు తిరగేసి చూశాడు. "ఆరు గోల్సు తిన్నా నా కుట్టొక్కటీ ఊడలేదు సూడ్రా" అన్నాడు.

మా పీ.డీ. సారు ఆ పేటోళ్ల మాట విన్నారు. ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి రహీమ్ సాబ్ కథ చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారు, భారత జట్టు కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఆ జట్టు 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకి బూట్లు లేవు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మేచ్‌లోనే దక్షిణ కొరియాకి 2-0తో ఓడారు. ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. బంతిని కాలికి అంటించుకోవద్దనీ, తాకగానే పక్కవాడికి అందించాలనీ రహీమ్ సాబ్ నేర్పేవారు.

"ఇవాళ్టినుంచి ఎవడూ బంతిని వరసగా రెండుసార్లకి మించి తాకడానికి లేదు" అన్నారు సారు.

ఏ ఉపన్యాసమూ చెయ్యలేని పని ఆ రూలు చేసింది. బంతి వదలాలంటే ఖాళీగా ఉన్నోడెవడో చూడాలి. చూస్తే మేమే. తొలిరోజు కెప్టెన్ గతిలేకే నావైపు తన్నాడు. నెల తిరిగేసరికి పేరుపెట్టి పిలిచాడు. అంతవరకూ నేను "ఒరే పేటా"నే.

మరుసటేడూ ఓడాం, 2-1తో. మా ఒక్క గోలూ నేనందించిన బంతికే వచ్చింది. దాంతో వాళ్ల మనసుల్లో కులం పోయిందని నేననను. తర్వాత వాళ్ల పెళ్లిళ్లయ్యాయి. పేటకి ఒక్క శుభలేఖా రాలేదు.

ఓడిన జట్టు, గెలిచినోడు ఎలా ఆడాడన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు తనలో ఎవడికి బంతి అందలేదో లెక్క తీయాలి. మైదానంలో ఆ లెక్క నెలలో తేలింది. ఊళ్లో అయితే తరాలుగా ఓడుతూనే ఉన్నారు. ఆ లెక్క తీసేవాడే లేడు.