ఇష్టం ఎవరడిగిండ్రు?

మనసుకు నచ్చిన పని చేసుకోవాలె, అప్పుడే బతుకు నిండుగుంటదని చదువుకున్నోళ్లు చెప్తుంటరు. వినడానికి బాగనే ఉంటది. మరి మీకేం ఇష్టమని మమ్మల్ని ఎవరన్న అడిగిండ్రా?

మాది బసంత్‌నగర్. ఊరినానుకొని సిమెంటు ఫ్యాక్టరీ. అటు రామగుండం దిక్కు ఎన్‌టీపీసీ పొగగొట్టాలు. ఇంకింత దూరం పోతే గోదావరిఖని బొగ్గుబాయిలు. ఈ బెల్టుల పుట్టినోనికి పనంటే కొలువు, కొలువంటే పర్మనెంటు. 2017ల హైకోర్టు సింగరేణి వారసత్వ ఉద్యోగాల స్కీమును కొట్టేసినప్పుడు ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ఎలగలేదో మేం చూసినం. బాయిల దిగినోళ్లు మాలనూ ఉన్నరు. వాళ్ల దుఃఖం మాదే. కని బాయి మొకం చూడని అబ్బాల కొడుకులకు సుత వారసత్వం ఉంది. అది స్పానరు, కుట్టుమిషను, పండ్ల బండి, లారీ స్టీరింగు. దాన్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు!

'మీవోళ్ల చెయ్యి మంచిగుంటది భాయ్' అంటరు. మెచ్చుకోలే. కని ఆ మెచ్చుకోలు చుట్టూ కంచె ఉంది. ఇంజన్ సప్పుడు వినంగనే రోగం చెప్పే మా మామూను మిస్త్రీ అనే అంటరు, ఇంజనీరు అనరు. చెయ్యి మాదట, బుర్ర ఇంకెవరిదో.

2006ల సచార్ కమిటీ లెక్క తీసి చెప్పింది: ముస్లింలల సొంతంగ చేసుకొని బతికేటోళ్లు ఎక్కువ, నెల జీతపు కొలువుల్ల ఉన్నోళ్లు తక్కువ. సొంత పనంటే సొంత ఇష్టమని అనుకునేరు. కొలువు దొరకనోనికి రోడ్డు పక్కన దొరికిన జాగ అది. 2007 చట్టంతోటి బి.సి.-ఇ కింద మాల వెనకబడ్డ జమాతులకు 4 శాతం వచ్చినంక కొన్ని ఇండ్లల్ల పిల్లలు మొదటిసారి అడిగిండ్రు: 'అబ్బా, నేనేం కావాలె?' ఆ ప్రశ్న పుట్టుడే మాకు పండుగ.

మాల కొందరికి తెలుగంటే ప్రాణం. ఇంట్ల ఉర్దూ, బడిల తెలుగు. తెలుగు సారు కావాలని పోతే ఓ ఆఫీసుల పేరు చూసి, 'తుర్కోళ్లకు తెలుగేంది?' అని నవ్విండ్రు. ఇంటికొస్తే 'తెల్గు పఢ్‌కే క్యా కర్తే, దుబాయి జావ్' అన్నరు. వాళ్లది నవ్వు, వీళ్లది భయం. నడుమ నలిగింది మా ఇష్టం. 1991ల 'పుట్టుమచ్చ', 1998ల 'జల్‌జలా' వచ్చినంకనే ఈ భాషల మాకూ జాగ ఉందని ధైర్యమొచ్చింది.

పంక్చరేసుడు నామోషీ అని మేం అంటలేం. ఆ చేతులే మమ్మల్ని సాదినయ్. మా పోరడు మిస్త్రీ అయితే కానియ్యుండ్రి, ఇంజన్ మీద మోజు ఉండి కావాలె. మా పోరి తెలుగు చెప్తనంటే బోర్డు ముంగట నిలవడనియ్యుండ్రి. వేరే దారి లేక చేసే పనిని మా జాతి గుణమని మాత్రం రాయకుండ్రి.