పొగను పైనుండి కొలుచుట

2023 జూన్ నెలలో కెనడా దేశములోని క్వెబెక్ అడవులు తగులబడినప్పుడు ఆ పొగ వందల మైళ్ళు దిగివచ్చి న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతములను కమ్మిన సంగతి మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చు. జూన్ 7న న్యూయార్క్‌లో పట్టపగలే ఆకాశము నారింజ రంగుకు తిరిగింది. మా సంఘములో ఒక పెద్దామె కూతురు కాపురము న్యూజెర్సీలోనే. మనవడికి ఉబ్బసము. ఆమె టీవీలో ఉపగ్రహము తీసిన చిత్రము చూచి, కంగారుగా మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, పొగంతా పైనుండి అంత బాగా కనబడుతోందే, మా పిల్లవాడు ఎంత పీల్చాడో చెప్పలేరా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. వేదాంత డిప్లొమాలో దీనికి జవాబు లేదు గనుక, చదువుకున్న మన యువకులను అడిగి, కొంత చదివి తెలుసుకున్నాను.

అమెరికావారు 1999లో టెర్రా, 2002లో ఆక్వా అను ఉపగ్రహములను పంపారు. ఇటువంటివి పొగను తూకము వేయవు. గాలిలోని రేణువులు సూర్యకాంతిని ఎంత అడ్డగించాయో, ఎంత చెదరగొట్టాయో చూస్తాయి. నేల మొదలు పైవరకు ఉన్న పొగ అంతటికీ కలిపి వచ్చే లెక్క అది. పూరింట్లో కట్టెల పొయ్యి రాజేసినప్పుడు చూడండి. పొగ వాసాల దగ్గర చేరుతుంది. పొయ్యి ఊదే తల్లి కళ్ళు మండుతాయి, చాప మీద పడుకున్న బిడ్డకు అంత తగలదు. కప్పు తీసి పైనుండి చూచినవానికి మాత్రము ఇల్లంతా పొగే.

అందుచేత శాస్త్రజ్ఞులు నేలమీది యంత్రముల లెక్కను దీనికి జతచేస్తారు. ఆ యంత్రములు రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులను, అనగా తల వెంట్రుక మందములో ముప్పయ్యో వంతుకు మించనివాటిని కొలుస్తాయి. ఊపిరితిత్తుల లోతుకు దిగేవి అవే. 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పై లెక్కకూ నేల లెక్కకూ పొంతన చూచి, గాలివాటమును, ఎండను, తేమను కలుపుకొని, యంత్రము లేని చోట ఎంత ఉండవచ్చునో అంచనా కడతారు.

నాకు ఆశ్చర్యము కలిగించినది మరొకటి. కాంతిని బట్టి కొలుస్తుంది గనుక రాత్రివేళ ఈ లెక్క కుదరదు, మబ్బు పట్టినా కుదరదు. పొగ మరీ దట్టమైతే ఒక్కొక్కసారి దానినే మబ్బు అనుకొని లెక్కలోనుండి తీసివేయుట కూడా జరుగుతుంది. ఏ రోజు అందరికంటె ఎక్కువ కీడు జరిగిందో ఆ రోజే ఖాళీ! అమెరికాలో వాతావరణ శాఖవారు చిత్రములను కంటితో చూచి, పొగ అంచులను చేతితో గీయుట ఇంకా మానలేదంటే నాకు వింత అనిపించలేదు.

ఆ తల్లికి ఉన్నమాటే చెప్పాను. "అమ్మా, ఆ ఊరి గాలి సంగతి వాళ్ళు చెప్పగలరు. మీ మనవడి సంగతి చెప్పలేరు. ఆ రోజులలో కిటికీలు మూశారా, పిల్లవాడు బయట ఆడుకున్నాడా, మీ అమ్మాయిని అడగండి" అన్నాను. ఆమె ఆ రాత్రే ఫోను చేసింది. వారము రోజులు బడినుండి నేరుగా ఇంటికే తీసుకువచ్చారట.

న్యూజెర్సీలోనైతే నేలమీది యంత్రములు చాలా ఉన్నవి. కెనడా ఉత్తరాన అడవుల నడుమనున్న చిన్న ఊళ్ళకు అవి బహు తక్కువ. మొదట పొగ పీల్చేవారూ, ఇళ్ళు విడిచి పోవలసినవారూ వారే. వారు ఎంత పీల్చారన్న లెక్క చాలావరకు ఆ పైచూపు మీదనే ఆధారపడుతుంది. మన దేశములో కూడా యంత్రములు ఎక్కువగా పట్టణములలోనే పెట్టారు. కోతల తరువాత మా చుట్టుప్రక్కల గడ్డి తగులబెట్టే రోజులలో ఎవరు ఎంత దగ్గినా, నేలమీద దానిని వ్రాసుకొనే యంత్రము మా ఊరిలో లేదు.