ఆరు తప్పులు

"బర్న్ చెయ్యడమంటే ఏమిటే అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు.

మా అబ్బాయి ఫోనులో చెబుతుంటే పాల చిట్టా పుస్తకం వెనకపేజీలో గిలికిన నా రాత నాకే అర్థంకాక తంటాలు పడుతున్నానేమో, ఆలోచించకుండా "కాల్చడం అత్తయ్యా" అనేశాను.

ఆవిడ చేతిలో వత్తి సగంలో ఆగిపోయింది. "ఏమిటీ, కాల్చడమా? శుభమా అని చేసిన పెళ్ళిని కాలుస్తావుటే!"

అప్పటికిగాని నేనన్న మాటేమిటో నా తలకెక్కలేదు. డిస్కు లోపల సన్నటి రంగుపూత ఉంటుందనీ, లేజరు కిరణం ఆ పూతని వేడిచేసి కంటికి ఆననంత చిన్న మచ్చలు పెడుతుందనీ, టీవీ కిందుండే ప్లేయరు ఆ మచ్చల్నే చదువుకుని బొమ్మలు చూపిస్తుందనీ, అందుకని ఆ పేరు వచ్చిందే తప్ప నిప్పూ లేదు, పొగా లేదనీ చెప్పాను. ఆవిడ అంతా విని, "మచ్చలు పెట్టడమంటావు, అంతేగా. పోనీలే" అని మళ్ళీ వత్తులు చేసుకోవడంలో పడ్డారు. కాని కుర్చీ మాత్రం కాస్త ఇటు జరుపుకుని, నా చేతులు కనపడేలా కూచున్నారు.

అలా కూచోడానికి ఆవిడకి కారణముంది. అది చెప్పాలంటే నా నేరమొకటి ఒప్పుకోవాలి.

మా ఆడపడుచు పెళ్ళి 1986 వైశాఖంలో జరిగింది. వీడియో తీయించడం అప్పుడప్పుడే కొత్త. మా ఇంట్లో అదే మొదటిసారి. వీడియోవాడి దీపం వేడికి పెళ్ళికూతురి కల్యాణతిలకం కారిపోయింది కూడాను. కాసెట్లు రెండు చేయించారు మామగారు, మాకొకటి, వియ్యాలవారికొకటి. వాటి చివర అప్పగింతలు. ఆఫీసులో పులి అని పేరుపడ్డ మనిషి, కూతురి చేతులు పాలల్లో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెడుతూ, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1990 వేసవి. ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో మహాభారతం, కురుక్షేత్రం జోరుగా నడుస్తున్న రోజులు. ఆ వారం మామగారికి ఊరెళ్ళాల్సిన పని పడింది. "అమ్మాయ్, మీ అన్నయ్య మస్కట్ నుంచి తెచ్చిన మిషనులో పట్టి ఉంచు, వచ్చి చూస్తాను" అని చెప్పి వెళ్ళారు. తీరా వేళకి ఖాళీ కాసెట్టు కనపడలేదు. పేరు కాగితం ఊడిపోయినదొకటి చేతికొచ్చింది. సగానికి పైగా తిరిగి ఉంది. వెనక్కి తిప్పి అదేమిటో చూద్దామంటే అక్కడ అప్పటికే శంఖం ఊదేశారు. మీట నొక్కేశాను. కాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, దాన్ని విరిచేస్తే ఇక దానిమీద ఏదీ ఎక్కదు. ఈ సంగతి నాకు ఆ తరవాత తెలిసింది.

మామగారు వచ్చి ఆ భాగం రెండుసార్లు చూసుకుని మురిసిపోయారు. నెల తరవాత ఎవరో చుట్టాలొస్తే పెళ్ళి కాసెట్టు పెట్టాం. తలంబ్రాలు పోసుకుంటున్నారు, పోసుకుంటున్నారు, హఠాత్తుగా బాణాలు! మామగారు పకపకా నవ్వారు. అత్తగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. లేచి కాసెట్టు తీసి తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఒక్క మాట అన్నా బావుండేది. ఆనాటి నుంచీ నేను పాలు కాచినా, పచ్చడికి ఉప్పు వేసినా ఓసారి వచ్చి చూసి వెళ్ళడం ఆవిడకి అలవాటైపోయింది.

1993లో మామగారు పోయారు. ఫోటోలు బోలెడున్నాయి. కదిలే మామగారు మాత్రం ఆ కాసెట్టులోనే ఉన్నారు. వియ్యాలవారి దగ్గర రెండోది ఉందిగా అనుకునేదాన్ని. వాళ్ళది అమలాపురం దగ్గర పల్లె. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానులో ఇంటి పెంకులతోపాటు అదీ పోయింది. మనుషులు దక్కారు, అదే పదివేలు అనుకున్నాం. అప్పగింతలు మాత్రం ఇక లోకంలో ఎక్కడా లేవు.

2008లో మా ఆడపడుచు కూతురికి సంబంధం నిశ్చయమైంది. "అమ్మా, నా పెళ్ళి దీనికొకసారి చూపించాలని ఉంది" అని ఫోను. వాళ్ళింట్లో ఉన్నది డీవీడీ ప్లేయరు. అత్తగారు ఆదివారం ప్రయాణం. బజారులో ఇస్తే ఒక పూటలో చేసిపెడతారని మావారు పేపరు చాటునుంచి సలహా పారేశారు. "ఆడపిల్ల పెళ్ళిని బజారు కెక్కించేది లేదు" అన్నారు అత్తగారు. పెట్టె తాళం తీసి కాసెట్టు ఇచ్చారుగాని, నా చేతికి కాదు, మనవడి చేతికి.

వాడు వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్నాడు. దసరా సెలవుల్లో పక్కవీధి వాళ్ళ వీసీఆర్ అరువు తెచ్చి, దాన్ని కంప్యూటరుకు తగిలించి, పెళ్ళంతా అందులోకి ఎక్కించాడు. మూడోవంతు వేగంగా లాగడానికి అదేం పాటల కాసెట్టా! టేపు ఎంతసేపు తిరిగితే అంతసేపూ కూచోవాలి. అత్తగారు కూడా వాడి పక్కనే కూచున్నారు. ఆ రాత్రంతా కంప్యూటరు గుర్రుగుర్రుమంటూ దాన్ని డీవీడీకి పనికొచ్చే రూపంలోకి మార్చింది. తెల్లారేసరికి వాడికి రైలు వేళైంది. "ఇంకేం లేదమ్మా, డిస్కు పెట్టి బర్న్ అనడమే" అని వెళ్ళిపోయాడు.

"ఇంకేం లేదు" అని మగపిల్లలు చెప్పే పనుల్లో ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మా కంప్యూటరు 2002లో కొన్నది. పెంటియం ఫోర్, 256 ఎంబీ జ్ఞాపకశక్తి, 40 జీబీ డిస్కు. కొన్ననాడు అదే గొప్ప. డీవీడీ రాసే పెట్టె తరవాతెప్పుడో తగిలించాం, ముసలి ఎద్దుకి కొత్త కాడి కట్టినట్టు.

మొదటి డిస్కు బుధవారం పోయింది. పెళ్ళి అని పేరున్న పెద్ద ఫైలొకటి కనపడితే, ఉన్నదున్నట్టు దాన్నే డిస్కులోకి ఎక్కించేశాను. కంప్యూటరులో చక్కగా ఆడింది. మా టీవీ ప్లేయరు మాత్రం నాకు తెలీదు పొమ్మంది. వీడియో టీఎస్ అనే పేరుతో అబ్బాయి వేరే ఫోల్డరు తయారుచేసి ఉంచాడట, ఎక్కించాల్సింది దాన్నిట, అదీ డీవీడీ వీడియో అనే పద్ధతిలోట. నేను చేసింది విస్తట్లో బియ్యం వడ్డించి అన్నం తినమనడం. ఆ ఫోల్డరు 4.2 జీబీ ఉంది. డిస్కు మీద 4.7 అని ఉంటుంది గాని కంప్యూటరు లెక్కలో అది 4.37 మాత్రమే. డిస్కు చేసేవాళ్ళు వెయ్యిని వెయ్యిగానే లెక్కేస్తారు, కంప్యూటరుకి వెయ్యంటే 1024. మా పాలవాడి లీటరు దగ్గర కూడా ఇలాంటి లెక్కే ఏదో ఉండాలి.

రెండోది 16 స్పీడులో పెట్టాను, తొందరగా అవుతుంది కదా అని. మూడోవంతు దాకా వెళ్ళి, మౌసు జిగురంటుకున్నట్టు నత్తనడక నడిచి, ఏదో తప్పు జరిగిందని చెప్పి ఆగిపోయింది. ఏ తప్పో చెప్పలేదు. మూడోది 8లో పెడితే కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె నాలుగుసార్లు కుయ్యోమని అదీ కన్నుమూసింది. సగం రాసిన డిస్కుకి మిగతా సగం అతకడం ఉండదు. డిస్కు పదిహేను రూపాయలు. నేను దాచేద్దామనుకుంటే అత్తగారు వాటిని తీసుకెళ్ళి కరివేపాకు చెట్టుకి కట్టించారు, పిట్టలు రాకుండా. వంటింటి కిటికీలోంచి నా తప్పులు మూడూ తళతళలాడుతూ తిరుగుతుండేవి.

నాలుగోది 4 స్పీడులో. గంటా పావు పట్టింది. ఏమైతేనేం, పూర్తయిందన్నది. కాళ్ళూ చేతులూ ఆడలేదు నాకు. ప్లేయరులో పెట్టాం. గణపతిపూజ అయింది, కన్యాదానం అయింది. జీలకర్ర బెల్లం చేతుల్లో పట్టుకుని తెరసెల్ల దించబోతుండగా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి బిగుసుకుపోయింది.

"పీటలమీద పెళ్ళి ఆగిపోయిందే" అన్నారు అత్తగారు సన్నగా. అంతే, లేచి వెళ్ళి పడుకున్నారు. పీటలమీద పెళ్ళి ఆగడమంటే మాటలా? అందులోనూ ఇంట్లో ఇంకో పెళ్ళి తలపెట్టుకుని ఉండగా!

రాత్రి పదింటికి హాస్టలుకి ఫోను చేశాను. ఏడుపొచ్చేలా ఉంది. వాడు అంతా విని, "నాలుగో డిస్కు ఎంతసేపు పట్టిందన్నావు?" అన్నాడు.

"గంటా పావు."

"నాలుగులో పావుగంట పట్టాలమ్మా! సరే, నేను చెప్పినట్టు తెరుచుకుంటూ పో."

కంట్రోల్ పానెల్ అన్నాడు, సిస్టం అన్నాడు, డివైస్ మేనేజర్ అన్నాడు. గదిలోపల గది, దానిలోపల అర. సెకండరీ ఐడీఈ ఛానెల్ అనే అర తెరిస్తే అక్కడ "పీఐఓ మోడ్" అని ఉంది.

"అదీ సంగతి" అన్నాడు వాడు.

సంగతేమిటో నాకు అర్థమైనట్టుగా చెబుతాను. పెళ్ళి భోజనాలలో గాడిపొయ్యి దగ్గర వంటాయన వండుతుంటే, వడ్డించేవాళ్ళు గంగాళంలోంచి తోడుకుని నేరుగా బంతిలోకి వెళ్ళిపోతారు. అది డీఎంఏ. అలాకాక, వండే ఆయనే ఒక్కొక్క గరిటె పట్టుకుని ఒక్కొక్క విస్తరి దగ్గరికీ పరిగెత్తి, తిరిగొచ్చి పప్పు కలుపుకుని మళ్ళీ పరిగెత్తడం పీఐఓ. బంతిలో కూచున్నవాళ్ళు చేతులు ఎండబెట్టుకోరూ? మా లేజరు పరిస్థితి అదన్నమాట. మచ్చలు పెట్టడానికి అది సిద్ధంగా ఉంది, అందించే దిక్కు లేదు. ఆగడం, సర్దుకోవడం, మళ్ళీ మొదలెట్టడం. అన్నిసార్లు ఆగితే అతుకులు కనపడవూ?

"మొదట్లో బాగానే ఉండేదిగా, ఇలా ఎందుకైంది?" అన్నాను.

వాడు కాస్త నసిగాడు. హాస్టలునుంచి తెచ్చిన గీతలు పడ్డ సినిమా డిస్కులేవో అందులో పెట్టి బలవంతాన చదివించాడట. ఆ పెట్టె చదవలేక తడబడినప్పుడల్లా విండోస్ ఎక్స్‌పీ దాని పేరున ఒక తప్పు రాసుకుంటుందిట. ఆరు తప్పులు పోగయ్యేసరికి దాన్ని ఒక మెట్టు కిందికి దించుతుందిట. అలా దించి దించి చివరికి పీఐఓలో పడేస్తుందిట. తరవాత ఎంత బుద్ధిగా పనిచేసినా, కంప్యూటరు ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా, దానంతటది మళ్ళీ పైకి ఎక్కించదుట.

శిశుపాలుడికే నూరు తప్పులదాకా ఆగాడు కృష్ణుడు. ఆరేమిటండీ, అన్యాయం కాకపోతే! నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే ఆరు దాటి ఉంటాను.

"మరి దారేమిటిరా?"

"ఆ ఛానెల్‌ని తీసెయ్. అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటుంది. తీసేసి రీస్టార్ట్ చెయ్యి. అది వచ్చి, ఇదేదో కొత్తది ఉందే అనుకుని మళ్ళీ పేరు రాసుకుంటుంది. పాత తప్పుల చిట్టా పోతుంది."

తీసెయ్యడమనేసరికి గుండె దడదడలాడింది. ఉన్న పెళ్ళి కూడా పోతే? "పోదమ్మా, పెళ్ళి వేరే తీగమీదుంది" అన్నాడు. నొక్కాను. ఆరింది, వెలిగింది. మళ్ళీ గదులన్నీ దాటుకుంటూ వెళ్ళి చూస్తే డీఎంఏ అని ఉంది.

"ఇంకోటమ్మా" అన్నాడు వాడు ఫోను పెట్టబోతూ, "చివర్న ఆ బాణాలు కత్తిరించడం మర్చిపోయాను. కావాలంటే చెప్తాను గాని, మళ్ళీ రాత్రంతా తయారవ్వాలి."

రాత్రంతా అయినా సరే అన్నాను. ఆ బాణాలు వియ్యాలవారి ఇంట, కొత్త చుట్టాల ముందు పడటమా! కాగితం, పెన్సిలు తీసుకున్నాను కూడా. వెనకనుంచి, "ఉంచవే" అని వినపడింది. అత్తగారు ఎప్పుడు లేచి వచ్చారో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అది కాదత్తయ్యా, వాళ్ళు నవ్వుతారు..."

"నవ్వనీ. ఆయన అడిగి పట్టించుకున్నదేగా. రెండుసార్లు చూసుకున్నారు" అన్నారు. పద్ధెనిమిదేళ్ళలో ఆ బాణాల గురించి మా ఇద్దరి మధ్యా వచ్చిన మొదటి మాట అది.

తెల్లారి స్నానం చేసి కూచున్నాను. మిగతావన్నీ మూసేశాను, తెరమీద చేపలు ఈదే బొమ్మ రాకుండా తీసేశాను, కరెంటు పోయే వేళ దాటనిచ్చాను. డిస్కు అంచులు పట్టుకునే పెట్టాను, వేలిముద్రలు పడకుండా. 4 స్పీడు. అత్తగారు కుర్చీ వేసుకుని గోడ గడియారం చూస్తూ కూచున్నారు. పావుగంట. అరదానంతటదే బయటికొచ్చింది. టీవీలో పెడితే గణపతిపూజ దగ్గర్నుంచి తలంబ్రాల దాకా పెళ్ళి ఆగకుండా జరిగింది. ఆ వెనకాలే బాణాలు.

ఆదివారం అత్తగారు దాన్ని చీరల మధ్య పెట్టుకుని వెళ్ళారు. సోమవారం రాత్రి మా ఆడపడుచు ఫోను.

"వదినా! బాణాలు రాగానే పిల్ల పడీపడీ నవ్వింది. దాన్ని చూసి అమ్మా నవ్వింది."

"అప్పగింతలు లేకుండా చేశాను, నీకు చెప్పుకోడానిక్కూడా మొహం లేదు" అన్నాను. అంతకాలానికి అది నా నోటివెంట వచ్చింది.

కాసేపు ఏమీ వినపడలేదు. "పాలు చల్లగా ఉన్నాయి వదినా" అంది. "నాన్న చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి. అది కాసెట్టులో ఎలాగూ పడలేదుగా."

ఆ పైన ఫోను అత్తగారు అందుకున్నారు. "అమ్మాయ్, ఇది వీళ్ళకే ఉంచేస్తున్నాను. నేనొచ్చేలోపల మనకొకటి కాల్చి పెట్టు."

"కాల్చమంది, మా అమ్మేనా?" అన్నారు మావారు పేపరు దించి.

ఆ రాత్రే కూచున్నాను. డిస్కు పెట్టబోయే ముందు ఎందుకైనా మంచిదని ఆ గదులన్నీ దాటి వెళ్ళి ఆ అర తెరిచి చూశాను. డీఎంఏ అనే ఉంది.