గోదావరిఖనిలో చలికొండ మొక్క

మా గోదావరిఖనికి తొలిసారి వచ్చు చుట్టములు ముందుగా గోదావరి యెక్కడ అని అడుగుదురు. పిమ్మట, ఇచట మీరెట్లు కాపురము చేయుచున్నారని అడుగుదురు. మొదటిదానికి వంతెన వైపు చేయి చూపుదును. రెండవదానికి నా యుత్తరము వారు వచ్చిన నెలను బట్టి యుండును. మార్గశిరములో వచ్చినవారు తెల్లవారుజామున శాలువ కప్పుకొని ముగ్గు వేయుచున్న నన్ను చూచి, ఊరు చల్లనిదే యని సంతోషించి పోవుదురు. వైశాఖములో వచ్చినవారు రెండవ దినముననే రైలు వేళ లడుగుదురు. మే నెలలో పగటి వేడిమి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అర్ధరాత్రి గోడను తాకినను పెనమును తాకినట్లే యుండును.

అటువంటి యూరికి రెండేండ్ల క్రిందట మా వారి పూర్వశిష్యు డొకడు బెంగుళూరు నుండి వచ్చుచు, అరచేతి వెడల్పు కుండీలో ఒక మొక్కను తెచ్చి నాకిచ్చెను. అది కూజా మొక్క. నెపెంథిస్ వెంట్రికోసా యను జాతి. ఫిలిప్పీను దీవులలో వేయి మీటర్లకు పైబడిన కొండలపై పుట్టునది. దాని లేత ఆకు కొస తీగవలె సాగి, ఆ తీగ చివర ఉబ్బి, నడుము నొక్కిన చిన్న చెంబు వంటి కూజా యగును. కూజాకు మూత కలదు. తేనె కాశపడి వచ్చిన చీమకు తడిసిన అంచుపై కాలు నిలువదు. లోపలి పుల్లని రసములో పడి కరగి, ఆ మొక్కకు నత్రజని యగును. సారములేని నేలలలో బ్రతుకు మొక్కకు అదియే యెరువు.

నెపెంథిస్ అను పేరును లిన్నేయసు పండితుడు గ్రీకు కవి హోమరు కావ్యము నుండి తీసికొనెను. హెలెను రాణి మద్యములో కలిపిన శోకహరమైన మందు పేరది. మన అశోకమునకును అదియే యర్థము గదా యని నాకు ముచ్చట కలిగినది.

సోదరీమణులారా, ఆ ముచ్చటలో నేను చేసిన తప్పులు విననగును. తులసి కిచ్చినట్లే దీనికిని చిటికెడు పశువుల యెరువు వేసితిని, వేళ్లు నల్లబడెను. దీనికి మన్ను కూడదు, ఎరువు కూడదు. స్ఫాగ్నము నాచు, కొబ్బరిపీచు ముక్కలు చాలును. కుళాయి నీటి లవణములును పడవు. వాన నీరు పట్టి దాచవలెను. ఇవి నేర్చుకొని, తూర్పు కిటికీ యొద్ద తెర చాటున ఉంచగా, చలికాలమంతయు నాలుగు కూజాలు తొడిగినది. శివరాత్రి దాటగానే తీగ కొసలు ఉబ్బుటకు మాఱుగా ఎండసాగెను. తేమ చాలలేదని తలచి పాత చేపల గాజుతొట్టిలో పెట్టితిని. కిటికీ యెండకు ఆ తొట్టి పొయ్యి యయ్యెను!

పగటి యెండకన్న రాత్రి వేడిమియే దీనికి పెద్ద శత్రువని తెలియుటకు ఒక వేసవి పట్టినది. ఆకు పగలు వెలుతురుతో చక్కెర సంపాదించును. రాత్రియు పగలును శ్వాసించుచు దానిని వ్యయపఱచును. రాత్రి వేడెక్కినకొలది ఆ వ్యయము హెచ్చి, పెరుగుదలకు మిగులవలసినది ఊపిరికే చెల్లిపోవును. జీతము పదవ తేదీకే అయిపోవు ఇల్లెట్టిదో మన ఆడువారికి చెప్పనక్కఱలేదు. ఈ కొండమొక్కకు రాత్రి 15 డిగ్రీలు హాయి. మా యింట రాత్రి 30.

కావున రెండవ వేసవికి థర్మాకోలు పెట్టె యొకటి సంపాదించి, గడ్డకట్టిన నీటి సీసాలు రెండు లోపల నిలిపి, రాత్రివేళ మొక్క నందుంచుట మొదలుపెట్టితిని. నడిరాత్రి లేచి సీసాలు మార్చుదును.

ఎదురింటి వదినె ఒకనాడది చూచినది. ఆమె పెనిమిటి బొగ్గుబాయిలో పనిచేయును. గనిని మా వైపు బాయి యందురు.

"చెట్టుకు ఐసు వెడుతున్నవా వదినె! మా ఆయన బాయిల చెమటకు తడిసి ముద్దయి వస్తడు. ఆయనకెవరు వెట్టిన్రు ఐసు?"

నాకు మాట రాలేదు. ఆ రాత్రి సీసాలు మార్చుచున్నంతసేపు ఆ మాటయే చెవిలో నుండెను. మా బాయిలలోని బొగ్గు 25 కోట్ల యేండ్లకు పూర్వపు అడవులది. అప్పుడీ నేల దక్షిణమున, గోండ్వానా మహాఖండములో నుండెను. బొగ్గు పొరల కడుగున, హిమానీనదముల కాలమునాటి బండలు నేటికిని ఈ లోయలో కలవు. ఆ మంచు కరగిన పిమ్మట చల్లని చిత్తడి నేలలలో గ్లోసాప్టెరిసు చెట్లు పెరిగి, కూలి, బొగ్గైనవి. వదినె పెనిమిటి వంటివారు ఆ చలినాటి చెట్లను త్రవ్వి తీయగా, రామగుండములో కాల్చి పుట్టించిన విద్యుత్తుతో నేను మఱియొక చలిమొక్కకు మంచు చేయుచున్నాను.

మన దేశములో సహజముగా పెరుగు కూజా మొక్క ఒక్క జాతియే. మేఘాలయములోని ఖాసీ, జయంతియా, గారో కొండలది. గారోలు దానిని మెమాంగ్ కోక్సి, అనగా దయ్యపు బుట్ట యందురు. అది మా మొక్కకన్న వేడిమి నోర్చును. కాని దాని కొండలలోను బొగ్గు కలదు. గని త్రవ్వకముల వలన అది నిలువ నీడ కోల్పోవుచున్నది. జాతీయ హరిత ట్రిబ్యునలు 2014లో అక్కడి ఎలుకబొరియ గనులను నిషేధించినను, 2018 డిసెంబరులో జయంతియా కొండలలో నీరు ముంచిన అట్టి గనిలో 15 మంది చిక్కుకొనిరి. ఆ వార్త టీవీలో వచ్చినన్నాళ్లు ఎదురింటి వదినెకు అన్నము సయించలేదు. ఆ జాతిని కొనదలచినవారు అడవినుండి పెరికినది కాక, తోటలో పెంచినదేనా యని అడిగి మఱి కొనవలెను.

మే నెలలో పెండ్లికి కరీంనగరము పోవలసి వచ్చి, నాలుగు దినములకు ఇంటి తాళము ఆమెకే యిచ్చితిని. చెట్టు మాట యెత్తుటకు సిగ్గుపడి, పెట్టె సంగతి చెప్పనే లేదు. తిరిగివచ్చి చూతునుగదా, పెట్టెలో మా యింటివి కాని సీసాలు రెండు, అప్పుడే మార్చినవి, చెమ్మ కారుచున్నవి. రాత్రి షిఫ్టుకు పోవు పెనిమిటిని సాగనంపి, ఆ వేళకే వచ్చి మార్చినదట.

ఆషాఢపు వానలకు ఒక తీగ కొస పెసరగింజంత ఉబ్బెను. దినదినము పెరిగి శ్రావణమునకు కుంకుమ బరిణె యంతయైనది. మూత మాత్రము బిగిసియే యున్నది. నిన్న ప్రొద్దున వదినె అరచేతిలో ఒక చచ్చిన చీమను పట్టుకొని వచ్చి, "మూత తెర్శిందా వదినె?" అని అడిగినది.