పాత అంబాసిడర్‌లో కొత్త పాట

ఉదయం పదిన్నర. నాగోల్ ఆర్టీయే ట్రాక్ దగ్గర ఎల్ బోర్డు కార్లు బారులు తీరాయి. హెచ్ ఆకారంలో వెనక్కి తీసేవాళ్లు తీస్తున్నారు, ఎనిమిది తిప్పేవాళ్లు తిప్పుతున్నారు. ఇంతలో మీగడరంగు అంబాసిడర్ ఒకటి గుడగుడలాడుతూ వచ్చి ఆగింది. అంతే! టెస్టు సంగతి మరిచిపోయి కుర్రకారంతా దాని చుట్టూ మూగారు. ఒకడు బానెట్ మీద తట్టి చూశాడు. టంగుమంది. ఇంకొకడు లోపలికి తొంగిచూసి, ‘అంకుల్, గేరు ఏది?’ అన్నాడు. స్టీరింగ్ కిందే ఉందని చూపిస్తే నోరెళ్లబెట్టాడు.

అది 1962 మోడల్. నంబరు ప్లేటు మీద ఇంకా ఆ కాలపు మూడక్షరాల నంబరే ఉంది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఆ పని మీదే వచ్చిందది. నడిపేది అరవై దాటిన పెద్దమనిషి. వెనక సీట్లో, సోఫాలో కూర్చున్నట్టు దర్జాగా కూర్చున్నది ఆయన తల్లి. ఎనభై ఆరేళ్లు. ఆమె కోరిక ఒక్కటే... ఈ కారులో మళ్లీ ఘంటసాల పాట వినాలి.

కోరిక చిన్నదే. తీర్చడమే చిన్న పని కాదు.

చప్పుడుతో చుట్టరికం

నాగోల్ అంటే ఇప్పుడందరికీ గుర్తొచ్చేది మెట్రో. 2017 నవంబరులో మొదట తెరిచిన మార్గం మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా వచ్చి ఆగింది ఇక్కడే. అంతకుముందు ఇది మూసీ ఒడ్డు ఊరు. నది పక్కన పాడి పశువుల కోసం పచ్చగడ్డి పెంచేవారు. పక్కనే బండ్లగూడ... పేరులోనే బండ్లున్న ఊరికి బండ్ల ఆఫీసు తోడు రావడం తమాషాయే. ఎల్బీనగర్ మున్సిపాలిటీతో పాటు 2007లో గ్రేటర్‌లో కలిశాక ఊరి పొలిమేరలు చెరిగిపోయాయి. వంతెన దాటితే ఉప్పల్. మెట్రో స్తంభాల మధ్య నుంచి పాత అంబాసిడర్ అలా సాగిపోతుంటే బైకులవాళ్లు పక్కకి వచ్చి బొటనవేలు పైకెత్తి మరీ వెళ్తున్నారు.

తూర్పు హైదరాబాద్‌కీ చప్పుడుకీ ఏదో చుట్టరికం ఉన్నట్టే కనిపిస్తుంది. రామంతాపూర్‌లో దూరదర్శన్. కుషాయిగూడ వైపు 1967లో పుట్టిన ఈసీఐఎల్, ఒకప్పుడు ఇళ్లలోకి టీవీలు పంపిన కంపెనీ. నాచారంలో ఎన్టీఆర్ కుటుంబానికి చెందిన రామకృష్ణ స్టూడియో. అన్నట్టు, పాత బండికి కొత్త సౌండు బిగించడంలో తెలుగునాట ఎన్టీఆర్‌ని మించినవాళ్లెవరు? 1982లో పార్టీ పెట్టాక ఆయన ఊరూరా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యానే. దానికి మైకులు, లౌడ్‌స్పీకర్లు బిగించారు. కొడుకు హరికృష్ణ నడిపితే, పైకెక్కి ఎన్టీఆర్ మాట్లాడారు. 1983 జనవరికల్లా ఆయన ముఖ్యమంత్రి. ఆ బండిలో స్పీకర్లే లేకపోతే ఏమయ్యేదో!

అదే ఎన్నికల బండి. ఎవరూ ‘అయ్యో, ఒరిజినల్ పోయిందే’ అనుకోరు. ఇంటి కారు అలా కాదు.

ఉల్టా బండి

ఉప్పల్ రింగురోడ్డు దాటాక ఒక సందులో ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. షెడ్డులోకి వచ్చే కార్లలో చాలావాటికి స్టీరియో చోటు అచ్చు పోసినట్టు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ప్రపంచమంతా ఒకటే కొలత. పెట్టె తీసి, లోపలికి తోసి, క్లిప్పు బిగిస్తే అయిపోయినట్టే. అంబాసిడర్ పుట్టేనాటికి ఆ కొలతే లేదు. డాష్‌బోర్డు గట్టి రేకు. దాని మీద రెండు గుండ్రటి నాబులు, మధ్యలో సన్నటి అద్దం, అందులో ఎర్ర ముల్లు. 1970లలో బిగించిన రేడియో అది. మూగబోయి చాలా ఏళ్లయింది. ముల్లు మాత్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గరే, హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్ మీదే నిలబడిపోయింది.

రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులవి. కట్టినతను ఈసీఐఎల్‌లో పనిచేసేవారు. అంటే ఇప్పుడు స్టీరింగ్ పట్టుకున్న ఆయనకి తండ్రి. సెలవురోజున, వరండా ముందు, తనే స్క్రూడ్రైవర్ పట్టుకుని బిగించారట. కొత్త అంబాసిడర్‌కి ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిన కాలం కాబట్టి కారు కొన్నది సెకండ్‌హ్యాండ్‌లో.

ఉస్తాద్ ముందు డాష్‌బోర్డు చూడలేదు. బానెట్ ఎత్తి బ్యాటరీ చూశాడు. ఏ తీగ బాడీకి వెళ్లిందో వేలితో వెంబడించాడు.

‘సార్, ఇది ఉల్టా బండి’ అన్నాడు.

సంగతేమిటంటే, ఇవాళ్టి కార్లలో బ్యాటరీ మైనస్ బాడీకి కలుస్తుంది. బ్రిటన్ డిజైన్ మీద వచ్చిన ఆనాటి కార్లలో చాలావాటికి ప్లస్సే బాడీకి కలుస్తుంది. ఈ రోజుల్లో దొరికే స్టీరియోల ఇనుప డొక్కు మైనస్. తెలియక దాన్ని ఈ డాష్‌బోర్డుకి తగిలించి బిగిస్తే ఫ్యూజు పోతే అదృష్టం. లేకపోతే సెట్టే పోతుంది, తీగ కాలుతుంది. నూలు చుట్టిన అరవై ఏళ్ల తీగలకి నిప్పంటుకుంటే ఆగడం కష్టం.

అప్పుడు కనిపించింది ఆ కాగితం. గ్లవ్‌బాక్సు మూత లోపలివైపు అంటించి ఉంది. పసుపు పచ్చబడిన కాగితం మీద పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి అక్షరాలు: ‘పాజిటివ్ ఎర్త్. జాగ్రత్త.’ కొడుకు ఆ మూతని వేలసార్లు తెరిచాడు. ఆ కాగితాన్ని ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కోయాలా, వద్దా?

‘డాష్‌బోర్డు కోస్తె ఐదు నిమిషాల పని సార్. మళ్ల అతికించాలంటె మాత్రం ఎవలతోని కాదు’ అన్నాడు ఉస్తాద్.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2021లో కేంద్రం మోటారు వాహన నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బండ్లకి ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ పెట్టింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. అయితే ఆ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి లేదు. ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో బయటికి తీయాలి. అమ్మని గుడికి తీసుకెళ్లే కారుకి అది కుదరదు కనుకే ఆయన ఐదేళ్లకోసారి నాగోల్ వచ్చే దారినే ఎంచుకున్నారు. స్టీరియో గురించి ఆ నిబంధన ఏమీ చెప్పదు. చెప్పకపోయినా కోసిన రేకు కోసినట్టే ఉంటుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం 1912 నాటి పసుపురంగు రోల్స్‌రాయిస్‌ని చూడటానికి జనం వెళ్తున్నారంటే, దాన్ని ఎవరూ కోయలేదు కాబట్టే కదా.

మన దగ్గర పాత అంబాసిడర్లు, ఫియట్లు చాలావాటికి ఈ గాయాలున్నాయి. గల్ఫ్ నుంచి క్యాసెట్ ప్లేయర్లు వచ్చిన రోజుల్లో డాష్‌బోర్డుని, వెనక అద్దం కింద షెల్ఫుని రంపంతో కోసేశారు. క్యాసెట్ వెళ్లి సీడీ వచ్చింది, సీడీ వెళ్లి పెన్‌డ్రైవ్ వచ్చింది, అదీ పోయి ఫోను మిగిలింది. కంత మాత్రం అలాగే ఉంది. 2014లో ఆగిపోయిన అంబాసిడర్ తయారీ మళ్లీ మొదలై కొత్త డాష్‌బోర్డులు రావు కదా.

రెండో చిక్కు కరెంటు. ఈ కారులో ఉన్నది ఆల్టర్నేటర్ కాదు, డైనమో. పరుగెత్తేటప్పుడు ఇచ్చేదే 20 ఆంపియర్లకి అటూ ఇటూ. హెడ్‌లైట్లు రెండూ వేస్తే ఏడెనిమిది ఆంపియర్లు వాటికే పోతాయి. ఇగ్నిషన్‌కి మూడు నాలుగు, వానొస్తే వైపర్‌కి ఇంకొన్ని. స్టీరియో పెట్టె మీద ‘200 వాట్లు’ అని రాసి ఉంటుంది. అది క్షణకాలపు లెక్క. నిలకడగా ఒక్కో స్పీకర్‌కి ఇచ్చేది ఇరవై వాట్ల దగ్గరే. సౌండు పెంచితే అదీ బరువే. పైగా ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. పాటంతా బ్యాటరీ మీదే. 2023లో తెరిచిన స్కైవాక్ మీద జనం హాయిగా నడిచి వెళ్తుంటే, కింద బ్యాటరీ దిగిపోయి కారుని తోయించుకోవాల్సి వస్తే? అందుకని పెద్ద ఆంప్లిఫయర్ మాట ఎత్తనేలేదు. చిన్నది చాలు. ఘంటసాలకి బూమ్ బూమ్ అక్కర్లేదు!

ముందు ఉల్టా బండిని సీదా చేశారు. అది బ్యాటరీ తిప్పి పెట్టినంత మాత్రాన అయ్యేది కాదు. డైనమోకి ఒక్క క్షణం కరెంటు తాకించి కొత్త దిశ నేర్పాలి. కాయిల్ తీగలు, ఆమ్మీటర్ తీగలు అటుదిటు మార్చాలి. చిన్న మోటార్లలో ఏది ఉల్టా తిరుగుతుందో చూసుకోవాలి. మధ్యాహ్నం రెండు వరకు అదే పని. కొడుకు ఈలోగా కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి అరచేతిలో పట్టేంత బ్లూటూత్ ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు తెచ్చారు. అమ్మ షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుంది. చాయ్ తాగింది. పనివాడు స్పానర్ జారవిడిచినప్పుడల్లా ‘జాగ్రత్త నాయనా’ అంది.

ఆంప్లిఫయర్ గ్లవ్‌బాక్సులో దూరింది. వెనక షెల్ఫు కోయలేదు. అదే కొలతకి ప్లైవుడ్ పలక కోయించి, దానికి స్పీకర్లు బిగించి, అసలు షెల్ఫు మీద పరిచారు. రేపు వద్దనుకుంటే ఎత్తేయొచ్చు. ఎర్త్ తీగ కోసం కొత్త కంత పెట్టకుండా ఉన్న బోల్టు దగ్గరే రంగు గీకారు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో ‘కుయ్య్’ మని ఒకటే ఏడుపు. డైనమో అవుట్‌పుట్ తీగకి కండెన్సర్ తగిలిస్తే తగ్గింది. స్పార్క్‌ప్లగ్గులకి రెసిస్టర్ క్యాపులు వేస్తే టకటకలూ పోయాయి. కారు వారాల తరబడి కదలకుండా ఉంటుంది కనుక బ్యాటరీకి కటాఫ్ స్విచ్చి ఒకటి.

పాత రేడియోని మాత్రం కదపలేదు. నాబు వెనక ఉండే ‘టక్’ స్విచ్చి ఇంకా బాగానే ఉందని ఉస్తాదే కనిపెట్టాడు. ఆ స్విచ్చి నుంచే కొత్త ఆంప్లిఫయర్‌కి కరెంటు వెళ్లేలా తీగ లాగాడు. డయల్ బల్బు కొత్తది వేశాడు.

సాయంత్రం నాలుగయింది. గ్లవ్‌బాక్సు మూత మూసేముందు ఉస్తాద్ ఆగాడు. పాత కాగితాన్ని చింపలేదు. దాని కింద ఇంకో ముక్క అంటించి, మార్కర్‌తో రాశాడు: ‘ఇప్పుడు నెగెటివ్.’ పక్కన తారీఖు వేశాడు.

తిరుగు దారిలో నాగోల్ వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. అమ్మ ఈసారి ముందు సీట్లో కూర్చుంది. భర్త తిప్పేవారని గుర్తున్న నాబుని తనే తిప్పింది. టక్‌మంది. డయల్ అద్దం వెనక పసుపు వెలుగు. రెండు క్షణాలకి వెనక నుంచి ఘంటసాల గొంతు. కింద మూసీ, పక్కన హారన్లు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఆ పాట అయిపోయి ఇంకో పాట మొదలైంది. కళ్లు తెరిచి ఎర్ర ముల్లు వైపు చూసింది. అది 738 దగ్గరే ఉంది.

‘స్టేషన్ మార్చకుండానే పాట మారిందేంట్రా?’ అంది.

‘ఇప్పుడన్నీ మన పాటలేనమ్మా’ అన్నాడు కొడుకు, మొదటి గేరు వేస్తూ.

‘అయితే వార్తలెప్పుడొస్తాయి?’